రెండు సబ్‌వూఫర్లు, నాలుగు కాయిళ్లు, ఒక యాంప్: ఒక స్విఫ్ట్ కేసు

పాటలు పెట్టిన పది నిమిషాలకి బేస్ ఆగిపోతుంది. డిక్కీలో యాంప్ (శబ్దానికి బలమిచ్చే యాంప్లిఫయర్) మీద ఎర్ర లైటు వెలుగుతుంది. కాసేపు ఆపి ఉంచితే మళ్లీ వస్తుంది, మళ్లీ పోతుంది. రాత్రిపూట దరువు పడ్డ ప్రతిసారీ హెడ్‌లైట్లు మినుకుమంటాయి. గుడివాడ నుంచి మా విజయవాడ ఆటోనగర్ షాపుకి వచ్చిన ఒక పెట్రోలు స్విఫ్ట్ మీద ఫిర్యాదులివి. బండి ఓనరు కుర్రాడు చేపల చెరువులు చూసుకుంటాడు, రోజులో సగం బండిలోనే గడుస్తుంది. తోడుగా వాళ్ల నాన్నగారు కూడా వచ్చారు.

సిస్టం వేరేచోట బిగించారు. రెండు 12 అంగుళాల సబ్‌వూఫర్లు (బేస్ కోసమే ఉండే పెద్ద స్పీకర్లు, మా మాటల్లో ఊఫర్లు) ఒకే చెక్కపెట్టెలో, ఒక్క చానెలే ఉండే మోనో యాంప్, ఆండ్రాయిడ్ స్టీరియో. బిగించిన కొత్తలోనే ఒక ఊఫర్ కాలింది. దాన్ని మార్చి అదే మోడల్ కొత్తది పెట్టారు. మార్చాక యాంప్ ఇంకా త్వరగా ఆగిపోవడం మొదలైంది. "అన్నా, యాంప్‌లో దమ్ము లేదు, పెద్దది పెట్టించు అన్నారు. 3000 వాట్లది చూస్తున్నా" అన్నాడు కుర్రాడు. "అదంతా పీకేసి కంపెనీ స్పీకర్లే పెట్టెయ్ బాబూ" అన్నారు నాన్నగారు.

ఇద్దరూ అడిగింది చెయ్యలేదు. ఆ కేసులో ఏం దొరికిందో, ఏం మార్చామో, ఏ లెక్కతో మార్చామో పూర్తిగా రాస్తున్నాను. ఇదే తరహా బండ్లు మా దగ్గరికి వస్తూనే ఉన్నాయి. చాలావాటిలో యాంప్ మంచిదే, ఊఫర్ మంచిదే. రెండిటికీ పొంతన కుదరలేదు, అంతే. ఆ పొంతన వాట్లతో కుదరదు, ఓమ్‌లతో కుదురుతుంది. కరెంటుకి ఎదురయ్యే అడ్డుని, అంటే రెసిస్టెన్స్‌ని, ఓమ్‌లలో కొలుస్తాం.

ముందు కాగితం చదవాలి

యాంప్ పెట్టె మీద పెద్ద అక్షరాలతో 2500 వాట్లు అని ఉంది. లోపలి కాగితంలో అసలు సంగతి ఉంది: 4 ఓమ్‌ల దగ్గర 350 వాట్లు ఆర్‌ఎంఎస్ (నిలకడగా ఇచ్చే వాట్లు), 2 ఓమ్‌ల దగ్గర 600 వాట్లు ఆర్‌ఎంఎస్, కనీస లోడ్ (తగిలించే ఊఫర్ల మొత్తం రెసిస్టెన్స్) 2 ఓమ్‌లు. క్లాస్ డి యాంప్, అంటే కరెంటు తక్కువ వృథా చేసే రకం. దాని ఒంటి మీద 30 ఆంపియర్ల ఫ్యూజులు రెండు.

కాగితం పోయినా ఆ ఫ్యూజులు చాలు, యాంప్ అసలు సత్తా తెలిసిపోతుంది. రెండు ఫ్యూజులు కలిపి 60 ఆంపియర్లు. దాన్ని 14.4 వోల్టులతో గుణిస్తే 864 వాట్లు, అది యాంప్ లోపలికి తీసుకోగల శక్తి. క్లాస్ డి యాంప్ అందులో దాదాపు 80 శాతం బయటికి ఇస్తుంది, అంటే 690 వాట్ల చుట్టూ. 2500 వాట్లు నిలకడగా ఇవ్వాలంటే 200 ఆంపియర్లకి పైగా లాగాలి, ఈ ఫ్యూజులు క్షణం కూడా నిలవవు. కొనేముందు యాంప్ తిప్పి ఫ్యూజు చూడమని అడిగినవాళ్లందరికీ చెబుతాను. సీఈఏ-2006 ప్రమాణం ప్రకారం కొలిచామని కాగితం మీద ఉంటే ఆ అంకెని నమ్మొచ్చు. 14.4 వోల్టుల సరఫరా, 4 ఓమ్‌ల లోడ్, శబ్దంలో వక్రీకరణ 1 శాతం దాటకూడదు అని ఆ ప్రమాణం షరతులు పెడుతుంది.

ఊఫర్ల సంగతి: ఒక్కొక్కటి 300 వాట్లు ఆర్‌ఎంఎస్, డ్యూయల్ వాయిస్ కాయిల్ (డీవీసీ), 4 ఓమ్‌లు. అంటే ప్రతి ఊఫర్‌లోనూ దాని కోన్‌ని కదిపే తీగచుట్టలు, 4 ఓమ్‌ల కాయిళ్లు, రెండేసి ఉంటాయి. పెట్టె మీద '4 ఓమ్స్ డీవీసీ' అని చూసి చాలామంది మొత్తం ఊఫరే 4 ఓమ్‌లు అనుకుంటారు. రెండు కాయిళ్లూ సిరీస్‌లో (ఒకదాని వెనక ఒకటి) కలిపితే 8, ప్యారలల్‌లో (ప్లస్‌లు ఒకచోట, మైనస్‌లు ఒకచోట) కలిపితే 2. 4 రావాలంటే ఒక్క కాయిలే వాడాలి, అప్పుడు ఊఫర్ సగం సత్తువతోనే పనిచేస్తుంది.

వాట్లు చూస్తే జోడీ చక్కగా కుదిరినట్టే ఉంటుంది. 300 ఇంటూ రెండు 600, యాంప్ కూడా 600. అమ్మినవాళ్లు బహుశా ఇక్కడిదాకానే చూసి ఉంటారు. కానీ యాంప్ ఆ 600 ఇచ్చేది 2 ఓమ్‌ల దగ్గర. ఇలాంటి ఊఫర్లు రెండుంటే మొత్తం కాయిళ్లు నాలుగు. వాటన్నిటికీ సమానంగా కరెంటు పంచుతూ ఎలా కలిపినా వచ్చేవి మూడే అంకెలు. అన్నీ ప్యారలల్ అయితే 1 ఓమ్. సగం సిరీస్, సగం ప్యారలల్ అయితే 4. అన్నీ సిరీస్ అయితే 16. 2 రాదు. ఏ వైరింగ్‌తోనూ రాదు. 2 ఓమ్‌లు కావాలంటే 2 ఓమ్‌ల కాయిళ్లున్న ఊఫర్లు రెండు కొనాలి: ఒక్కో ఊఫర్‌లో కాయిళ్లు సిరీస్‌లో పెడితే 4, ఆ రెండు ఊఫర్లనీ ప్యారలల్ చేస్తే 2. లేదంటే ఒక్కో కాయిల్ మాత్రమే ఉన్న 4 ఓమ్‌ల ఊఫర్లు రెండు ప్యారలల్‌లో పెట్టాలి. అంటే తేడా షాపులో ఊఫర్ ఎంచుకున్నప్పుడే వచ్చింది, బిగించేటప్పుడు దాన్ని సరిదిద్దే వీలు వైరుకి లేదు.

మీటరు చెప్పినది, చెప్పనిది

పాట పెట్టకముందే యాంప్ దగ్గర స్పీకర్ వైర్లు ఊడదీసి, ఆ కొసల మధ్య మల్టీమీటర్ పెట్టాను. 1.1 చూపించింది. మీటరు తీగలు రెండూ ఒకదానికొకటి తాకిస్తే 0.2 వచ్చింది. తక్కువ ఓమ్‌లు కొలిచేటప్పుడు ఇది తీసెయ్యడం తప్పనిసరి, లేకపోతే లెక్క తేడా కొడుతుంది. మిగిలింది 0.9. అంటే నాలుగు కాయిళ్లనీ ప్యారలల్‌లో కట్టేశారు. 4 ఓమ్‌ల కాయిల్ మీటరు మీద ఎప్పుడూ 4 చూపించదు, 3.2 నుంచి 3.8 మధ్య ఉంటుంది. ఈ కాయిళ్లు ఒక్కొక్కటి 3.6. నాలుగు కలిస్తే 0.9.

కనీసం 2 ఓమ్‌లు ఉండాల్సిన యాంప్‌కి 1 ఓమ్ తగిలించారు. "ఓమ్‌లు తగ్గితే వాట్లు పెరుగుతాయి" అనే మాట మన ఫీల్డులో బాగా వినిపిస్తుంది. సగం నిజమే. అదే వోల్టేజీ దగ్గర ఓమ్‌లు సగమైతే కరెంటు రెట్టింపవుతుంది. ఆ రెట్టింపు కరెంటుని యాంప్ లోపలి ట్రాన్సిస్టర్లూ, పవర్ సప్లై భరించగలిగితేనే వాట్లు పెరుగుతాయి. భరించలేకపోతే అవి వేడెక్కుతాయి, యాంప్ తనని తాను ఆపుకుంటుంది. ఆ ఎర్ర లైటు వెలిగి, కాసేపటికి యాంప్ మళ్లీ పాడుతోందంటే అది బతికే ఉందని అర్థం. ఈ యాంప్ అన్నాళ్లూ కాలిపోకుండా ఆగడం చూసి దాని మీద నాకు గౌరవం పెరిగింది.

అయితే ఇక్కడితో కేసు తేలలేదు. ఊఫర్ మార్చాక యాంప్ ఇంకా త్వరగా ఎందుకు ఆగిపోతోంది? ఓమ్‌లు మారలేదు కదా. దీనికి మీటరు దగ్గర జవాబు లేదు.

మామూలు పెన్ సెల్ ఒకటి తీసుకున్నాను, 1.5 వోల్టులది. పాత ఊఫర్ టెర్మినళ్ల మీద ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్ తాకించాను. కోన్ టక్కున బయటికి లేచింది. కొత్త ఊఫర్ మీద తాకించాను. చిన్న చప్పుడు తప్ప కోన్ కదల్లేదు. దాని రెండు కాయిళ్ల మధ్య కలిపిన ముక్క వైర్లు విప్పి, ఒక్కో కాయిల్‌కీ విడిగా సెల్ తాకించాను. రెండూ చక్కగా కోన్‌ని బయటికి తోశాయి. కాయిళ్లు రెండూ బాగానే ఉన్నాయి. మార్చిన రోజు ఒక కాయిల్ ప్లస్‌ని రెండో కాయిల్ మైనస్‌కి కలిపేశారు. ఒకే బండికి ముందొక ఎద్దునీ వెనకొక ఎద్దునీ కట్టినట్టు, ఒక కాయిల్ కోన్‌ని బయటికి తోస్తుంటే రెండోది లోపలికి లాగుతోంది.

ఇది ఎంత ప్రమాదమో చెప్పాలి. తిరగేసి కలిపినా మీటరు మీద అదే రెసిస్టెన్స్ వస్తుంది, కాబట్టి మీటరుతో ఇది దొరకదు. కోన్ కదలనప్పుడు కాయిల్ చుట్టూ గాలి ఆడదు, వచ్చిన కరెంటంతా వేడి అవుతుంది. పైగా, కదిలే కాయిల్ అయస్కాంతం మధ్యలో తిరుగుతూ ఎదురు వోల్టేజీ పుట్టిస్తుంది, అందుకే పాట నడిచేటప్పుడు ఊఫర్ తన కాయిల్ రెసిస్టెన్స్ కన్నా ఎక్కువ ఓమ్‌లే యాంప్‌కి చూపిస్తుంది. కదలని ఊఫర్‌లో ఆ ఊరట ఉండదు, దాని వంతు లోడు ఎప్పుడూ అట్టడుగునే ఉంటుంది. యాంప్ ముందుకన్నా త్వరగా ఆగిపోవడానికి కారణం ఇది. రెండు ఊఫర్లూ ఒకే పెట్టెలో ఉన్నాయి కాబట్టి లోపలి గాలి ఒత్తిడికి ఈ కోన్ కొంచెం వణుకుతూనే ఉంది. పైనుంచి చూసినవాళ్లకి రెండూ పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది.

అందుకే మా షాపులో ఊఫర్ పెట్టెలో బిగించకముందే పెన్ సెల్ పరీక్ష అయిపోవాలి. సెల్ తాకించి తీసెయ్యాలి, పట్టుకుని ఉంచకూడదు.

డిక్కీ నుంచి బానెట్ దాకా

హెడ్‌లైట్ల సంగతి వేరు. స్టీరియోలో 50 హెర్ట్జ్ టోన్ (ఆగకుండా మోగే ఒకే బేస్ స్వరం) పెట్టి, ఇంజిన్ నడుస్తుండగా కొద్ది సెకన్ల పాటు కొలిచాం. బ్యాటరీ మీద 13.6 వోల్టులు. యాంప్ టెర్మినళ్ల దగ్గర 12.1. దారిలో ఒకటిన్నర వోల్టు మాయమైంది. దాన్ని విడదీసి చూశాం: ప్లస్ వైరులో 1 వోల్టు, ఎర్త్ (యాంప్ మైనస్‌ని బండి బాడీకి కలిపే వైరు) వైపు అర వోల్టు.

ప్లస్ వైరు కిట్‌లో వచ్చిన 8 గేజ్‌ది (గేజ్ అంకె తగ్గేకొద్దీ వైరు లావు). బ్లేడుతో ఒక పోగు గీకితే రాగి రంగు లేచిపోయి లోపల తెల్లగా మెరిసింది. అల్యూమినియం మీద రాగి పూత. అదే మందంలో అసలు రాగి కన్నా దీనికి రెసిస్టెన్స్ ఒకటిన్నర రెట్లు. 8 గేజ్ రాగి వైరు మీటరుకి దాదాపు 2 మిల్లీఓమ్‌లు. బానెట్ నుంచి డిక్కీకి 5 మీటర్లు వేసుకుంటే 10, పూత వైరు కాబట్టి 15 పైచిలుకు. 60 ఆంపియర్లు లాగితే దాదాపు 1 వోల్టు అక్కడే పోతుంది. లెక్కా మీటరూ ఒకే మాట చెప్పాయి.

ఎర్త్‌ని వెనక సీటు బెల్టు బోల్టు కింద పెట్టారు, పెయింటు గీకకుండా. సీటు బెల్టు బోల్టుని ఎవరూ ఏ పనికీ విప్పకండి. అది మనిషి ప్రాణానికి పెట్టిన బోల్టు, బిగువులో తేడా రాకూడదు. ఇక బ్యాటరీ దగ్గర ఫ్యూజు హోల్డర్ ఉంది, అందులో 100 ఆంపియర్ల ఫ్యూజు. ఆ ఫ్యూజు ఉండేది యాంప్‌ని కాపాడ్డానికి కాదు, ఆ పని యాంప్ మీదున్న ఫ్యూజులు చేస్తాయి. బ్యాటరీ దగ్గరిది వైరుని కాపాడాలి. ఈ సన్నటి పూత వైరు ఎక్కడైనా ఒరిసి బాడీకి తగిలితే 100 ఆంపియర్ల ఫ్యూజు పోయేలోపు వైరే అంటుకోవచ్చు. ఇంజిన్ గోడ దాటేచోట రబ్బరు గ్రోమెట్ (రంధ్రం అంచుకి తొడిగే వలయం) కూడా లేదు, రేకు అంచుకే వైరు ఆనుకుని ఉంది. ఈ కేసులో నన్ను నిజంగా భయపెట్టింది ఇదొక్కటే. బేస్ రాకపోతే పాట బాగోదు, అంతే. ఇక్కడ తేడా వస్తే బండి తగలబడుతుంది.

కుర్రాడికి కెపాసిటర్ (కరెంటుని కాసేపు దాచి ఇచ్చే డబ్బా) పెట్టమని కూడా ఎవరో చెప్పారట. 1 ఫారడ్ కెపాసిటర్ 14 వోల్టుల నుంచి 12 వోల్టులకి దిగేలోపు ఇచ్చే శక్తి 26 జౌళ్లు. యాంప్ 750 వాట్లు లాగుతుంటే అది సెకనులో దాదాపు ముప్ఫయ్యో వంతు మాత్రమే ఆనుతుంది. వైరు సన్నగా ఉంటే వైరు మార్చాలి. కెపాసిటర్ ఆ జబ్బుని నయం చెయ్యదు.

350 వాట్లతో ఎందుకు సరిపెట్టాం

ఇప్పుడు దారులు నాలుగు. 1 ఓమ్ తట్టుకునే కొత్త యాంప్. 2 ఓమ్‌ల కాయిళ్లున్న కొత్త ఊఫర్ల జత. ఒక ఊఫర్ తీసేసి, మిగిలిన దాని కాయిళ్లు ప్యారలల్‌లో పెట్టి 2 ఓమ్‌ల దగ్గర 600 వాట్లు రప్పించడం. లేదా ఉన్న సామానునే 4 ఓమ్‌లకి మార్చి 350 వాట్లతో నడపడం.

నేను నాలుగోదే చెప్పాను. కుర్రాడి మొహం మారిపోయింది. "600 వాట్ల యాంప్ కొని 350తో వినాలా అన్నా?"

వినాల్సింది చెవి కాబట్టి వాట్ల లెక్క చెవికి ఎలా తెలుస్తుందో చెప్పాను. శబ్దం ఎంత పెరిగిందన్నది డెసిబెల్స్‌లో చూస్తాం. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్స్, అది చెవికి కొద్దిగానే తెలుస్తుంది. "రెట్టింపు మోత" అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ కావాలి, దానికి పది రెట్ల వాట్లు. 600 నుంచి 350కి దిగితే తగ్గేది 2.3 డెసిబెల్స్. వాల్యూం కొద్దిగా తిప్పితే వచ్చే తేడా.

ఇప్పుడు మూడో దారిని పక్కన పెట్టి చూడండి. ఒక్క ఊఫర్‌కి 600 వాట్లు ఇస్తే, రెండు ఊఫర్లకి 350 ఇచ్చిన దానికన్నా వాట్లపరంగా 2.3 డెసిబెల్స్ ఎక్కువ. కానీ అవే వాట్లు ఒక ఊఫర్‌కి బదులు ఒకే రకం ఊఫర్లు రెండిటికి పంచితే, కోన్ వైశాల్యం రెట్టింపు కావడం వల్ల 3 డెసిబెల్స్ కలిసొస్తాయి. లెక్క తేలితే 350 వాట్లతో నడిచే జతదే దాదాపు 0.7 డెసిబెల్ పైచేయి. పైగా 300 వాట్ల ఊఫర్ మీద 600 రుద్దే పని లేదు, జతలో ఒక్కొక్కదానికీ 175 పడతాయి. కాయిల్ చల్లగా ఉంటుంది. రాగి వేడెక్కితే డిగ్రీకి 0.39 శాతం చొప్పున రెసిస్టెన్స్ పెరుగుతుంది. కాయిల్ 100 డిగ్రీలు వేడెక్కిందంటే రెసిస్టెన్స్ దాదాపు 40 శాతం ఎక్కువ, ఆ మేరకు లాగే వాట్లు తక్కువ. మన కోస్తా ఎండల్లో మూసిన డిక్కీలో ఈ లెక్కకి విలువుంది.

కరెంటు సంగతీ ఉంది. 600 వాట్లకి యాంప్ లాగేది 52 ఆంపియర్ల పైన. 350కి 31 చాలు. చిన్న బండి ఆల్టర్నేటర్ మీద ఏసీ, హెడ్‌లైట్లు, ఇంజిన్ ఫ్యాన్ అన్నీ ఆధారపడి ఉంటాయి. ఆ 20 పైచిలుకు ఆంపియర్ల తేడా హెడ్‌లైట్లలో కనిపిస్తుంది.

ఇదంతా ఫోన్ క్యాలిక్యులేటర్ మీద కుర్రాడి చేతే చేయించాను. నేను చెప్పినదానికన్నా తను లెక్కేసుకున్నదాన్నే మనిషి నమ్ముతాడు. "అయితే కొత్త యాంప్ అక్కర్లేదా?" అని నాన్నగారు అడిగారు. అక్కర్లేదన్నాను. పీకెయ్యాలన్న మాట ఆయన మళ్లీ ఎత్తలేదు.

వైరింగ్

4 ఓమ్‌లు తేవడానికి రెండు పద్ధతులు. ప్రతి ఊఫర్‌లో కాయిళ్లని సిరీస్ చేసి 8 తెచ్చి, రెండు ఊఫర్లనీ ప్యారలల్ చెయ్యొచ్చు. లేదా ప్రతి ఊఫర్‌లో కాయిళ్లని ప్యారలల్ చేసి 2 తెచ్చి, రెండు ఊఫర్లనీ సిరీస్ చెయ్యొచ్చు. అంకె ఒకటే, నేను మొదటిదే వాడతాను. అందులో రెండు ఊఫర్లకీ యాంప్ నుంచి నేరుగా ఒకే వోల్టేజీ అందుతుంది. ఒకటి తెగిపోయినా రెండోది పాడుతూనే ఉంటుంది, జబ్బు ఎక్కడుందో వెంటనే తెలుస్తుంది. రెండో పద్ధతిలో ఒక ఊఫర్ పోతే రెండూ ఆగిపోతాయి.

చేసిన పని ఇది: ఒకటో కాయిల్ మైనస్ నుంచి రెండో కాయిల్ ప్లస్‌కి ముక్క వైరు. ఒకటో కాయిల్ ప్లస్, రెండో కాయిల్ మైనస్ బయటికి. రెండో ఊఫర్‌కీ అంతే. బయటికొచ్చిన ప్లస్‌లు రెండూ కలిపి యాంప్ ప్లస్‌కి, మైనస్‌లు రెండూ కలిపి మైనస్‌కి. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, ప్రతి కొసకీ లగ్గు (లోహపు టెర్మినల్) నొక్కి బిగించాం. ఒక్కో ఊఫర్ 7.2 ఓమ్‌లు, రెండూ కలిపాక 3.6. తర్వాత పెన్ సెల్‌ని యాంప్ దగ్గరి కొసలకి తాకిస్తే రెండు కోన్లూ ఒకేసారి బయటికి లేచాయి. ఆ ఒక్క కదలికతో నాలుగు కాయిళ్ల వరసా సరైనదని తేలిపోయింది.

నాలుగు చానెళ్ల యాంప్‌ని బ్రిడ్జ్ చేసి (రెండు చానెళ్లని కలిపి ఒకటిగా వాడి) ఊఫర్ పెట్టేవాళ్లకి ఇక్కడే ఒక మాట. బ్రిడ్జ్ చేసినప్పుడు ఒక్కో చానెల్‌కి కనిపించేది మీరు తగిలించిన ఓమ్‌లలో సగం. 4 ఓమ్‌ల ఊఫర్ పెడితే ఒక్కో చానెల్ 2 మోస్తోంది. 2 ఓమ్‌లు పెడితే 1 మోస్తోంది. అందుకే విడిగా ఒక్కో చానెల్‌కి 2 ఓమ్‌లు తట్టుకునే యాంప్ కాగితం మీద కూడా 'బ్రిడ్జ్‌లో కనీసం 4 ఓమ్‌లు' అని రాసి ఉంటుంది. ఆ గీతని దాటొద్దు.

ప్లస్ వైరుకి పూర్తి రాగి 4 గేజ్ వేశాం, 21 చదరపు మిల్లీమీటర్లు. ఆటోనగర్‌లో 25 చదరపు మిల్లీమీటర్ల రాగి వెల్డింగ్ కేబుల్ సులువుగా దొరుకుతుంది, మెత్తగా వంగుతుంది, అది కూడా బాగా పనిచేస్తుంది. కాకపోతే అందులోనూ అల్యూమినియంవి వస్తున్నాయి, కొనే ముందు కొస గీకి చూడాలి. బానెట్‌లో వేడికీ ఆయిలుకీ తగలకుండా ఫ్లెక్సిబుల్ పైపులో నడపాలి. ఇంజిన్ గోడకి గ్రోమెట్, బ్యాటరీకి జానెడు దూరంలో 60 ఆంపియర్ల ఫ్యూజు. ఎర్త్‌కి డిక్కీ నేల రేకు మీద కొత్త బోల్టు. చుట్టూ పెయింటు మెరిసేదాకా గీకి, లగ్గు బిగించి, పైన తుప్పు పట్టకుండా గ్రీజు రాశాం. ఎర్త్ వైరు కూడా ప్లస్ అంత మందమే ఉండాలి, పొడవు మూర దాటకూడదు. నేల రేకుకి రంధ్రం పెట్టేముందు కింద పెట్రోలు ట్యాంకు, బ్రేకు పైపులు ఎక్కడున్నాయో వంగి చూడాలి.

సీటు బెల్టు బోల్టుని కంపెనీ చెప్పిన బిగువుకి మళ్లీ బిగించాం.

గెయిన్ అంటే వాల్యూం కాదు

బండి వచ్చినప్పుడు గెయిన్ (స్టీరియో సిగ్నల్‌ని యాంప్ ఎంత పెంచాలో చెప్పే మర) చివరిదాకా తిప్పి ఉంది. బేస్ బూస్ట్ 12 డెసిబెల్స్ మీద ఉంది. ఆ ఒక్క మర యాంప్‌ని 45 హెర్ట్జ్ చుట్టుపక్కల 16 రెట్ల వాట్లు అడుగుతోంది. లేని వాట్లు ఎక్కణ్నుంచి తెస్తుంది? శబ్దపు అల పైభాగం నరికేసి పంపుతుంది. నున్నటి అలకి బదులు పలక అల వెళ్తుంది, అదే ఎత్తు దగ్గర పలక అల మోసుకెళ్లే శక్తి రెట్టింపు. మొదటి ఊఫర్ అలా కాలిందనే నా అంచనా. అప్పుడు తీసిన ఊఫర్ వాళ్ల దగ్గరే ఉంది, తెచ్చి చూపించారు. కాయిల్ వార్నిష్ నల్లబడి పొక్కిపోయింది, సస్పెన్షన్ (కోన్‌ని పట్టి ఉంచే భాగం) మాత్రం చెక్కుచెదరలేదు. దూకి దూకి చిరిగిన ఊఫర్ కాదు, ఉడికిపోయిన ఊఫర్. తక్కువ వాట్ల యాంప్ ఊఫర్‌ని కాల్చలేదని చెప్పేవాళ్లకి అలాంటి కాయిల్ ఒకటి చూపిస్తే చాలు.

ముందు స్టీరియో. అందులో ఈక్వలైజర్, లౌడ్‌నెస్ అన్నీ సున్నాకి తెచ్చి, ఆసిలోస్కోప్ (అల ఆకారాన్ని తెర మీద చూపే పరికరం) పెట్టి వాల్యూం పెంచుతూ పోయాం. 40 దాకా ఉన్న వాల్యూంలో 32 దాటాక అల తల చదునవుతోంది. అంటే ఈ బండికి 32 దాటకూడదు. తర్వాత అక్కడే ఉంచి, 50 హెర్ట్జ్ టోన్ పెట్టి యాంప్ గెయిన్ సున్నా నుంచి నెమ్మదిగా పెంచాం. ఎంతవరకు అంటే, 350 వాట్లని 4 ఓమ్‌లతో గుణించి వర్గమూలం తీస్తే 37.4 వోల్టులు. ఆసిలోస్కోప్ లేనివాళ్లు ఊఫర్ వైర్లు ఊడదీసి మల్టీమీటర్‌ని ఏసీ వోల్టుల మీద పెట్టి అక్కడిదాకా తేవచ్చు. 50 హెర్ట్జ్ అంటే మన ఇంటి కరెంటు ఫ్రీక్వెన్సీయే, చవక మీటర్లు కూడా అక్కడ సరిగ్గానే చూపిస్తాయి. ఒక జాగ్రత్త: లోడు లేనప్పుడు యాంప్ వోల్టేజీ కొంచెం ఎక్కువే వస్తుంది, కాబట్టి అంచుదాకా పోకుండా ఒకటి రెండు వోల్టులు తగ్గించి ఆపడం మంచిది. మేం 36 దగ్గర ఆపాం. బేస్ బూస్ట్ సున్నా. లో పాస్ ఫిల్టర్ (పై శబ్దాలని ఊఫర్‌కి పోనివ్వనిది) 80 హెర్ట్జ్.

పెట్టెకి పోర్టు, అంటే గాలి ఆడే గొట్టం, ఉంది. దాని ట్యూనింగ్ (పోర్టు గట్టిగా పాడే ఫ్రీక్వెన్సీ) ఎంతో కాగితం లేదు. తక్కువ వాల్యూంలో 60 హెర్ట్జ్ నుంచి కిందికి ఒక్కో టోన్ దించుతూ కోన్ మీద కళ్లు పెట్టి చూశాం. 38 దగ్గర కోన్ దాదాపు ఆగిపోయింది, పోర్టులోంచి మాత్రం గాలి చెయ్యి పెడితే తెలిసేంత కొడుతోంది. అదే ట్యూనింగ్. దానికి బాగా కిందికి పోతే పోర్టున్న పెట్టెలో కోన్‌ని పట్టి ఉంచే గాలి ఉండదు, ఊరికే ఊగి కాయిల్ అడుగున కొట్టుకుంటుంది. అందుకే మరీ కింది శబ్దాలని ఆపే సబ్‌సోనిక్ ఫిల్టర్ 30 దగ్గర పెట్టాం. ఈ మర చాలా బండ్లలో ఎవరూ ముట్టుకోకుండానే ఉండిపోతుంది.

బండి వెళ్లేటప్పుడు

అదే టోన్, అదే ఇంజిన్ వేగం: బ్యాటరీ మీద 13.8, యాంప్ దగ్గర 13.6. ఏసీ వేసి, మధ్యాహ్నం షాపు బయట ఎండలో గంటసేపు నడిపించాం. ఎర్ర లైటు రాలేదు, యాంప్ ఒంటి మీద చెయ్యి ఆనించి ఉంచగలిగాం. సాయంత్రం హెడ్‌లైట్లు వేసి చూస్తే గట్టి దరువుకి లీలగా తగ్గినట్టు అనిపించింది తప్ప మినుకు పోయింది.

బేస్ మాత్రం ముందుకన్నా ఎక్కువైంది. వాట్లు తగ్గించామని తెలిసిన కుర్రాడికి అది వింతగా తోచింది. కారణం సులువు: ఇన్నాళ్లూ పాడింది ఒక్క ఊఫరే, అదీ నరికిన అలతో, 12 వోల్టుల మీద. ఇప్పుడు రెండు కోన్లూ ఒకే వైపు తోస్తున్నాయి. డప్పు దెబ్బ దెబ్బగా వినిపిస్తోంది, వెనక గుయ్యిమనే తోక లేదు. ముందు నుంచీ ఉన్న నంబర్ ప్లేటు గలగల ఇప్పుడు బయటపడింది. దాని వెనక ఫోమ్ ముక్కలు అంటించి, డిక్కీ తలుపు లోపల డ్యాంపింగ్ షీట్ వేశాం.

యాంప్ పక్కన ప్లైవుడ్ మీద వైరింగ్ బొమ్మ గీసిన కాగితం అంటించాను. కాయిళ్ల వరస, 3.6 ఓమ్‌లు, గెయిన్ 36 వోల్టులు, వాల్యూం 32, ఫ్యూజు 60 అని దాని మీద ఉంది. రేపు ఎవరు తెరిచినా మళ్లీ మొదటి నుంచి వెతుక్కోనక్కర్లేదు. ఒక ఊఫర్ పోతే అదే మోడల్, అదే 4 ఓమ్‌ల డీవీసీనే తెచ్చుకోమని చెప్పాను. ఎప్పుడైనా యాంప్ పూర్తి 600 కావాలనిపిస్తే మాత్రం ఊఫర్లు రెండూ కలిపి 2 ఓమ్‌ల డీవీసీకి మార్చాలి, వైరింగ్ మాత్రం ఈ బొమ్మ ప్రకారమే ఉంచుకోవచ్చు.

ఎండాకాలం చివర్లో సర్వీసుకి విజయవాడ వచ్చినప్పుడు బండిని ఒకసారి చూపించాడు. ఎర్త్ బోల్టు పావు వంతు వదులైంది, బిగించాం. యాంప్ రెక్కల మధ్య చెరువు గట్ల దుమ్ము పేరుకుంది, బ్రష్‌తో దులిపాం. కాయిళ్లు చల్లారాక కొలిస్తే 3.6 ఓమ్‌లే చూపించింది.